దివాను చేతిలో మట్టిపెళ్ల

గొయ్యి తవ్వి చూడకుండానే నేల గట్టిదని చెప్పేవాడా, సిగ్గుంటే విను. దివాను కేశప్ప అలాగే చెప్పాడు. వరదలో ఇళ్లు పోయిన నేతవాళ్ల కొత్త ఇళ్ల కోసం ఏటి ఒడ్డున బంకనేల ఎంచి, అక్కడి మట్టిపెళ్ల ఒకటి రాజసభకు తెచ్చాడు.

"చూడండి ప్రభూ, రాయిలా ఉంది!"

నేతపని చేసే పుల్లమ్మ లేచింది. "పెళ్ల గట్టిదే, దొరా. కానీ మా మగ్గాలు పొద్దస్తమానం దడదడలాడుతూ నేలను కుదుపుతాయి. మీరూ దాన్ని కాస్త పిసుకుతూ మాట్లాడండి."

సభంతా చూస్తుంటే పిసకక తప్పలేదు. మాట పూర్తికాకముందే, లోపల నీరు పట్టి ఉన్న ఆ పెళ్ల కుదుపుకు జావలా మారి, వేళ్ల సందుల్లోంచి పట్టుపంచె మీదికి కారింది. కేశప్ప చెవులు మండిపోయాయి. ఆ చేతిని ఎక్కడ దాచుకోవాలో తోచలేదు.

"గొయ్యి తవ్వించావా?" అన్నాడు రాజు.

"లేదు ప్రభూ... కాళ్లకు బురద అంటుతుందని దిగలేదు."

రాజాజ్ఞతో రాతినేల మీది దివాను మేడలో నేతవాళ్ల మగ్గాలు ఆడాయి. కేశప్ప ఏటి ఒడ్డున ఆ బంకనేల మీదే పాకలో, అడుగు గట్టిగా వేయడానికి జంకుతూ బతికాడు.