మీ అమ్మని పంపు

ఆ ఊళ్ళో పొయ్యి ఆరిపోతే పిడక పట్టుకుని పక్కింటికి వెళ్ళి నిప్పు తెచ్చుకునేవారు. దానికొక కట్టుబాటు ఉంది. నిప్పు ఇల్లాలి చేతికే ఇవ్వాలి, పిల్లల చేతికి ఇవ్వకూడదు. జారవిడిస్తే ఊరు తగలబడుతుందని భయం. మంచి కట్టుబాటే. ప్రతి ఇంట్లోనూ ఇల్లాలు లేచి తిరుగుతున్నంతకాలం దానికి వంక పెట్టినవాడు లేడు.

చివరింటి ఇల్లాలు లేవడం మానేసింది. ఆమె భర్త కొండ అవతలికి పనికని వెళ్ళి తిరిగి రాలేదు. కొన్నాళ్ళు గుమ్మంలో కూర్చుని ఎదురుచూసింది. తర్వాత గోడవైపు తిరిగి పడుకుంది. జ్వరం లేదు, దెబ్బ లేదు, పిలిస్తే పలకదు. పదేళ్ళ కూతురు మాటిమాటికీ ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేది. ఊపిరి తగిలితే గాని పిల్లకి ఊపిరాడేది కాదు.

పొయ్యి ఆరిన రోజు పిల్ల పిడక పట్టుకుని బయల్దేరింది.

“మీ అమ్మని పంపవే,” అంది పక్కింటావిడ.

“అమ్మ లేవట్లేదత్తా.”

“లేచాకే రమ్మను.”

ఏడిళ్ళు తిరిగితే ఏడిళ్ళలోనూ అదే మాట. ఎవరూ కసురుకోలేదు. గడ్డివామి ఉన్న ఇంటావిడ బెల్లంముక్క కూడా చేతిలో పెట్టింది. నిప్పు మాత్రం పెట్టలేదు.

మర్నాడు పిల్ల ఎవరినీ అడగలేదు. ఆడవాళ్ళు నీళ్ళకి వెళ్ళిన వేళ చూసి ఒక పెరట్లో దూరి నిప్పు ఎత్తుకొచ్చింది. జావ కాచి తల్లి నోట్లో పోస్తే తల్లి రెండు గుక్కలు మింగింది. కానీ నిప్పుని బూడిదలో కప్పి నిలబెట్టుకోవడం తల్లి నేర్పాల్సిన పని. నేర్పేవాళ్ళు లేక అది రోజూ ఆరిపోయేది. పిల్ల రోజూ దొంగిలించేది. చేయి తిరిగింది, కాళ్ళకి చప్పుడు లేకుండా పోయింది.

ఒక మధ్యాహ్నం ఎవరో “దొంగ!” అని కేకేశారు. పరుగులో నిప్పు జారి గడ్డివామి అంటుకుంది.

ఊరంతా చేరింది. “ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా!” అన్నారు. పాపం, ఆ ఆవు మేతే మానేసిందని ఎవరికీ తోచలేదు.

“రేపు పొద్దెక్కేలోగా దీని తల్లి వచ్చి పూచీ పడాలి,” అన్నాడు ఊరిపెద్ద. “లేకపోతే పిల్లని పొలిమేర దాటించండి.”

“నేను పోతే అమ్మకి జావ ఎవరు కాస్తారు?” అంది పిల్ల.

వామి పోగొట్టుకున్నావిడ తల దించుకుని ఇంటికి పోయింది. ఆమెకి ముద్ద దిగలేదు.

పొద్దున్నే ఆవిడ పిడక మీద నిప్పు పెట్టుకుని చివరింటికి వచ్చింది. తనని పట్టుకుపోవడానికే వచ్చిందనుకుని పిల్ల తల్లికి అడ్డంగా నిలబడింది.

“తీసుకోవే, నీకే తెచ్చాను.”

పిల్ల రెండు చేతులూ వెనక్కి దాచుకుంది.

ఆవిడకి కళ్ళనీళ్ళు తిరిగాయి. పిడకని గుమ్మం మీద పెట్టి, వీధివైపు తిరిగి నిలబడింది. ఎదురుగా ఊరిపెద్ద మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు.

“ఈ పిల్ల తల్లి లేచిందా? పూచీకి వచ్చిందా?”

“వచ్చింది,” అంది ఆవిడ, గుమ్మానికి అడ్డంగా రెండు చేతులూ చాపి.

ఆవిడ వెనక్కి తిరిగి చూడలేదు. వెనకాల గుమ్మం మీది నిప్పుని ఎవరో మెల్లగా దొంగిలిస్తున్నారు.