పట్టుశాల పక్కన ఉయ్యాలల పాక

అనగనగా ఒక ఊరు. ఏ రాజ్యంలోదని అడగకండి, పట్టు కట్టే ప్రతి రాజ్యంలోనూ అలాంటి ఊరు ఒకటి ఉంటుంది. ఆ ఊళ్ళో సంగమశెట్టి అనే వర్తకుడికి పెద్ద పట్టుశాల ఉండేది. అక్కడ ఆడవాళ్ళు వరసగా కూర్చుని, సలసల కాగే నీళ్ళ గంగాళాల్లో పట్టుగూళ్ళు వేసి, కంటికి ఆనీ ఆనని పోగులను పట్టుకుని రాట్నాలకు చుట్టేవారు.

ఆ పనికి చెయ్యి మెత్తగా ఉండాలి, చూపు కదలకూడదు. చూపు కదిలితే పోగు తెగుతుంది. తెగిన పోగును ముడివేస్తే ఆ ముడి చీరలో తేలుతుంది.

శాలలోకి పసిపిల్లలను రానివ్వకూడదని శెట్టి తాతగారి నాటి కట్టడి. వేడి గంగాళాల మధ్య పాకే పిల్లలెందుకు? కట్టడి న్యాయమైనదే. శాలకు రాని పిల్లలు మరెక్కడుంటారన్నది మాత్రం మూడు తరాల్లో ఒక్కరికీ తట్టలేదు.

ఇంతలో రాజుగారి కూతురికి పెళ్ళి కుదిరింది. పెళ్ళిపట్టంతా సంగమశెట్టే ఇవ్వాలని కోట నుంచి కబురు వచ్చింది. మాఘ పున్నమికల్లా అందకపోతే ఇకపై కోటకు పట్టు మరొకరు పంపుతారని కూడా చెప్పారు. శెట్టికి ఆ పూట అన్నం సయించలేదు. ఎందుకంటే అతని శాలలో మంచి పనివాళ్ళు ఒక్కొక్కరే మానేస్తున్నారు. చివరికి అందరిలోకీ సన్నగా పోగు తీసే నాంచారి కూడా వచ్చి దండం పెట్టింది.

"సెలవిప్పించండయ్యా. ఇంట్లో చంటిది ఉంది," అంది.

"చంటిపిల్ల అందరికీ ఉంటుందమ్మా," అన్నాడు శెట్టి.

"అందుకేనయ్యా అందరూ వెళ్తున్నది."

ఆ మాట శెట్టి చెవిన పడింది గాని తలకెక్కలేదు. కాలుగాలిన పిల్లిలా శాలంతా తిరిగాడు. ఉన్నవాళ్ళందరికీ తలో కొత్త చీర పెట్టాడు. వాళ్ళు కళ్ళకద్దుకుని తీసుకున్నారు, కొందరు ఆ చీర కట్టుకునే వచ్చి సెలవు చెప్పి వెళ్ళారు. మిగిలినవాళ్ళు మాటిమాటికీ వీధి వైపు చూస్తున్నారని గుమ్మానికి దట్టమైన తెర కట్టించాడు. కళ్ళు వీధిని వదిలి తెరను చూడసాగాయి. పోగులు మరింత తెగాయి.

ఇక లాభం లేదని, పొరుగూరి నుంచి కొత్తవాళ్ళను తెద్దామని తన ఆడగుర్రాన్ని ఎక్కాడు. అది ఈని ఎన్నాళ్ళో కాలేదు. పిల్ల వెంట వస్తే ప్రయాణం ఆలస్యమవుతుందని దాన్ని కొట్టంలోనే కట్టేయించాడు.

ఊరు దాటారో లేదో గుర్రం నిలబడిపోయింది. అదిలిస్తే నాలుగడుగులు వేసింది. వాగు దగ్గర మళ్ళీ ఆగి, ఊరి వైపు చెవులు రిక్కించింది. మూడోసారి ఆగేసరికి శెట్టికి ఒళ్ళు మండి కొరడా ఎత్తాడు.

అప్పుడు గుర్రం నోరు తెరిచింది. మనుషులు చెబితే వినని వాళ్ళకు గుర్రాలే చెప్పాలి మరి.

"కొట్టండి శెట్టిగారూ. నా కాళ్ళు మీ వెంట వస్తాయి. ప్రాణం మాత్రం కొట్టంలో ఉండిపోయింది."

"నీ పిల్లకేం? భద్రంగానే ఉంది కదా."

"ఆ సంగతి మీకు తెలుసు. నాకెలా తెలుస్తుంది?"

శెట్టి కొరడా దించాడు. వీధి వైపు తిరిగిన ఆ కళ్ళన్నీ గుర్తొచ్చాయి. సిగ్గేసింది. గుర్రాన్ని వెనక్కి తిప్పితే అది అదిలించకుండానే పరుగందుకుంది. దాన్ని పిల్ల దగ్గర వదిలి, నడిచి నాంచారి ఇంటికి వెళ్ళాడు.

"బిడ్డను చూసుకోవడానికి ఎవరూ లేరా తల్లీ?" అని అడిగాడు.

"పక్కింటి అవ్వ చూస్తుందయ్యా. కానీ ఇల్లు శాలకు దూరం. బిడ్డ ఏడుపు వినిపిస్తే నాకు భయం లేదు. ఏ చప్పుడూ వినిపించకపోతేనే చేతులు వణుకుతాయి," అంది నాంచారి.

మర్నాడే శెట్టి శాల పక్కన పాక వేయించాడు. వేడి నీళ్ళ జోలి లేనంత దూరంగా, పిలిస్తే పలికేంత దగ్గరగా. దూలాలకు ఉయ్యాలలు కట్టించాడు. చూపు ఆనక రాట్నం మానేసిన అవ్వలను పిలిచి, జీతమిచ్చి, పిల్లలను అప్పగించాడు. బిడ్డ ఏడిస్తే తల్లి లేచి వెళ్ళి పాలిచ్చి రావచ్చు, ఎవరూ అడగరు, కూలి కోయరు.

"ఇది పట్టు వ్యాపారమా, పిల్లల సంతా?" అని గొణిగాడు గుమాస్తా.

"రెండూనయ్యా," అన్నాడు శెట్టి.

నాంచారి వచ్చింది. ఆమె వెనకే వెళ్ళినవాళ్ళందరూ వచ్చారు. అయినా శెట్టికి నిలకడ లేదు. పున్నమి ముంచుకొస్తోంది, వీళ్ళు ఎన్నిసార్లు లేస్తారోనని గుమ్మంలో నిలబడి గోళ్ళు కొరుక్కుంటూ చూశాడు. లేస్తున్నారు, వెళ్తున్నారు, వస్తున్నారు. వచ్చి కూర్చున్నాక మాత్రం ఒక్క తలా పక్కకు తిరగలేదు, ఒక్క పోగూ తెగలేదు.

పున్నమికి ముందే పట్టు బండ్లు కోటకు కదిలాయి. రాజుగారు పట్టును వేళ్ళతో తడిమి చూసి శెట్టిని పిలిపించారు.

"ఎక్కడా ముడి తగలడం లేదు. నీళ్ళలో ఏం కలిపావయ్యా?"

"నీళ్ళలో ఏమీ కలపలేదు ప్రభూ. తల్లుల పక్కనే బిడ్డలను ఉంచాను."

ఆ తర్వాత సంగమశెట్టి శాలలో ఎవరూ పని మానలేదంటే అబద్ధమవుతుంది. వయసు మీదపడి కొందరు మానేశారు. వాళ్ళు కూడా ఎక్కడికీ పోలేదు, పక్క పాకలో ఉయ్యాలలు ఊపుతూ కూర్చున్నారు.

తల్లి మనసు కుదుటపడితేనే ఆమె చెయ్యి పనిలో నిలుస్తుంది. పనివాళ్ళు కావాలనుకునేవాడు వాళ్ళ బిడ్డలకూ చోటు చూపాలి.