సున్నం గీతల్లో తరగతి

“కట్టడంలో తప్పు కట్టకముందే కనిపెట్టేదెలాగండీ, అయ్యగారూ?” అని జీవరత్నం అడిగాడట. పాస్టర్లకు చదువు చెప్పే ఆ వేదాంత పాఠశాలకు కొత్త తరగతుల భవనం రాబోతోంది. జీవరత్నం ఆఖరి ఏడాది విద్యార్థి. దేవుని పనికి రాకముందు కాకినాడలో ఇళ్ల ప్లాన్లు గీసేవాడు కనుక ఈ ప్లాను కూడా అతనికే అప్పగించారు. కమిటీ వారు మెచ్చుకుని సంతకాలు పెట్టేశారు. ఆదివారం శంకుస్థాపన.

అతను అడిగింది మా తాతగారిని, అప్పట్లో ఆ పాఠశాల ప్రిన్సిపాల్ అయిన నతానియేలు అయ్యగారిని. తాతగారు ప్రశ్నకు ప్రసంగంతో జవాబివ్వరనీ, ఏదో ఒక పని పురమాయిస్తారనీ మా అమ్మ చెప్పేది. ఆ రోజూ అంతే. “రెండు బస్తాల సున్నం తెప్పించు. నీ కాగితంలో ఉన్నది ఉన్నట్టుగా నేల మీద గియ్యి. రేపు పాఠాలు అందులోనే,” అన్నారు.

మర్నాడు విద్యార్థులంతా చాపలు పట్టుకుని ఖాళీ స్థలానికి వచ్చారు. గుమ్మాలకు వదిలిన సందుల్లోంచే లోపలికి నడిచారు. ఒకతను పొరపాటున గీత దాటి అడుగు పెడితే, “గోడలోంచి వస్తావేంట్రా? దెయ్యానివా, దూతవా?” అని పక్కవాళ్లు ఆట పట్టించారు. గదులన్నీ చక్కగా సరిపోయాయి. గాలి బాగా తగులుతోంది. జీవరత్నం ముఖం విప్పారింది. తీతు మాస్టారు ప్రవక్తల గురించి పాఠం మొదలుపెట్టారు.

పది గంటలకు విద్యార్థుల భార్యలు పిల్లల్ని చంకనేసుకుని వచ్చారు. ఇప్పటిదాకా తరగతులు జరిగిన పాత పెంకుటింట్లో వాళ్లు రోజూ వరండాలో, కిటికీ కింద కూర్చుని పాఠం వినేవారు. ఏ హాజరు పట్టీలోనూ వాళ్ల పేర్లు లేవు. అయినా భర్త ఏ ఊరి సంఘానికి వెళ్తే ఆ ఊళ్లో స్త్రీల కూడిక నడపాల్సింది వాళ్లే. అక్కడ చెప్పేది ఇక్కడ విన్నదే. కొత్త ప్లానులో వరండా లేదు. వాళ్లు గీత బయటే ఎండలో ఆగిపోయారు.

అందులో జీవరత్నం భార్య సలోమి కూడా ఉంది. “ఏమండీ, ఇక్కడ గోడేగా? సరిగ్గా చెప్పండి, పిల్లాడి తల కొట్టుకుంటుంది,” అంది. తరగతంతా గొల్లుమంది. ఆమె మాత్రం నవ్వలేదు. “పాత ఇల్లు పడగొట్టాక మా చదువు ఇంతటితో ఆగిపోయినట్టేనా?”

జీవరత్నం చేతిలోని కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. రెండేళ్లుగా ఆమె ఆ కిటికీ కిందే కూర్చుంటోంది. పాత ఇంటి గదులన్నీ టేపుతో కొలిచాడు గానీ, వరండా కొలవాలని అతనికి తోచనేలేదు.

“బయట వైపు ఒక వరండా కలుపుతానండీ, అయ్యగారూ.”

“బయటా?” అన్నారు తాతగారు.

జీవరత్నం గీత బయట ఎండలో నిలబడ్డ సలోమి వైపు చూశాడు. తరవాత మెల్లగా, “కమిటీ సంతకాలు కూడా అయిపోయాయండీ,” అన్నాడు.

“వాళ్లతో నేను మాట్లాడతాను. గోడ లేచాకైతే గడ్డపార కావాలి. ఇవాళ నీ కాలు చాలదూ?”

అతను చెప్పులు విప్పాడు. ఈ మూల నుంచి ఆ మూల దాకా గీతను కాలితో చెరిపి, ఆడవాళ్ల వెనక నాలుగు బారల అవతల కొత్త గీత గీశాడు. వాళ్లు నిలబడ్డ చోటే ఉన్నారు, ఇప్పుడు లోపల ఉన్నారు. మగవాళ్లు జరిగి చాపలు అందించారు. సలోమి పిల్లాణ్ణి తెచ్చి భర్త ఒళ్లో కూర్చోబెట్టి, ముందు వరసలో కూర్చుంది.

తీతు మాస్టారు ఆగిపోయిన వచనం మీద వేలు పెట్టుకుని చూస్తున్నారు. తాతగారు ఆయన వైపు తిరిగారు.

“మాస్టారూ, పాఠం మొదటి నుంచి ఎత్తుకోండి.”