బెల్లు కొట్టాక ఉండాల్సిన పిల్ల

కాశీఅన్నపూర్ణ గారికి ఒక అలవాటుంది. బెదిరిన పిల్లలతో, అయినవాళ్ళు వదిలేసిన పిల్లలతో బళ్ళో ఎలా మెలగాలో టీచర్లకు నేర్పడం ఆవిడ పని. కానీ అడిగినదానికి తిన్నగా జవాబు చెబితే ఒట్టు. "పద, మీ బడికే వెళ్దాం" అని చెప్పులేసుకుంటారు.

ఆ రోజు అడిగింది జ్యోతిర్మయి. మూడో తరగతి టీచరు, ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు.

"శిక్షించినకొద్దీ రెచ్చిపోయే పిల్లని ఏం చెయ్యాలండీ? లిఖిత అని, వాళ్ళమ్మ బడి గేటు దగ్గర దింపి వెళ్ళింది, మళ్ళీ రాలేదు. ఇప్పుడు పిన్ని దగ్గరుంటోంది. పొద్దుటంతా బంగారుతల్లే. ఆఖరి పీరియడ్ వచ్చేసరికి కొడుతుంది, కొరుకుతుంది. రేపు టీసీ ఇచ్చి పంపేస్తామంటున్నారు హెడ్మాస్టారు. ఇంకెక్కడికి పోతుందండీ అది? నాకు భయంగా ఉంది."

ఇద్దరూ వెళ్ళారు. కాశీఅన్నపూర్ణ గారు ఆ చిన్న బెంచీల్లో చివరిదానిలో ఎలాగో ఇరుక్కుని కూర్చున్నారు. ఆఖరి పీరియడ్ మొదలైంది. లిఖిత కళ్ళు కిటికీలోంచి గేటు మీదే ఉన్నాయి. అక్కడ అమ్మలూ ఆటోలూ పోగవుతున్నకొద్దీ ఆ పిల్ల గోళ్ళు కొరుక్కుంది, లేచింది, కూర్చుంది. ఉన్నట్టుండి పక్కపిల్ల నోట్సు లాక్కుని పరపరా చింపేసింది. పక్కపిల్ల ఘొల్లుమంది.

మన బళ్ళలో ఒక రూలుంది, మీకూ తెలిసిందే. తప్పు చేసిన పిల్ల ఇంటిబెల్లు కొట్టాక కూడా క్లాసులోనే ఉండి 'ఇంకెప్పుడూ చెయ్యను' అని పేజీ నిండా రాయాలి. టీచరు కాపలా కూర్చోవాలి. ఏ మహానుభావుడు కనిపెట్టాడో గానీ, వేసినవాళ్ళకీ పడినవాళ్ళకీ ఒకటే శిక్ష. జ్యోతిర్మయికి తల ప్రాణం తోకకొచ్చింది.

"బెల్లు కొట్టాక ఉండు!" అంది.

అంతే, లిఖిత చల్లబడిపోయింది. బెల్లు కొట్టారు, పిల్లలంతా గేటుకేసి పరుగెత్తారు. ఆ పిల్ల మాత్రం నోట్సు తెరిచి, గుండ్రంగా, తీరిగ్గా రాయడం మొదలుపెట్టింది. ఇంతలో ఆయా తలుపు దగ్గరికొచ్చి, "హెడ్మాస్టారు రమ్మంటున్నారమ్మా, టీసీ మీద మీ మాట కావాలట" అంది.

జ్యోతిర్మయి గుమ్మం దాటిందో లేదో, వెనక బెంచీ దబ్బున పడింది. తిరిగి చూసేలోగా లిఖిత పరుగెత్తుకొచ్చి ఆమె చీర కొంగు రెండు చేతులా పట్టేసుకుంది.

"రాస్తున్నాగా టీచర్! ఇంకా అవ్వలేదుగా! తప్పు చేశానుగా, మీరు వెళ్ళకూడదు!"

జ్యోతిర్మయి అక్కడే ఆగిపోయింది. ఇన్నాళ్ళూ తను వేస్తున్నది శిక్షే అనుకుంది, పాపం. కొంగు విడిపించుకోవడానికి చేతులు రాలేదు. ఆఫీసు గదిలోంచి హెడ్మాస్టారు మళ్ళీ కేకేశారు.

"ఏం చెప్పనండీ ఆయనకి?" అంది గురువుగారి వైపు తిరిగి, కళ్ళనీళ్ళతో.

కాశీఅన్నపూర్ణ గారు వంగి, పడిపోయిన బెంచీని లేపి నిలబెట్టారు.

"ఆయనకి తర్వాత చెబుదువుగాని. ముందు ఈ పిల్లకి చెప్పు అమ్మాయ్, ఇది ఏ తప్పూ చెయ్యని రోజున కూడా నువ్వు ఉంటావా?"