నాంచారి గోడ

ఏ కాలమో నేను చెప్పలేను, ఏ దేశమో కూడా చెప్పలేను. ఒక ఏటి ఒడ్డున కట్టపురమనే రాజ్యం ఉండేదని, దాన్ని కోనభూపాలుడనే రాజు ఏలేవాడని మాత్రం చెప్పగలను. ఆ ఏరు మంచిది కాదు పిల్లలూ. కొండల్లో వాన పడిందంటే పూట తిరక్కుండా ఊరి మీదికి వచ్చేది.

అందుకని కోటగోడకు తెల్లగా సున్నం కొట్టి, వానకు తడవకుండా పైన చూరు దించి, గళ్ళు గళ్ళుగా గీసి, ఊరికి కావలసిన కబుర్లన్నీ దాని మీద రాయించేవారు. ఆనకట్ట దగ్గర నీళ్ళు ఎన్ని మూరలున్నాయి, ఏ రేవులో పడవ ఉంది, కొండ మీదికి పోయే దార్లలో ఏది తెరిచి ఉంది, ఏది మునిగింది. ఇప్పుడు మన ఇళ్ళల్లో కంప్యూటర్ తెర ఎలాగో, వాళ్ళకు ఆ గోడ అలాగ. తెర మీద కనబడిందే మనం నమ్ముతాం. దాని వెనక ఎవరెవరు పరుగులు పెడుతున్నారో మనకు పట్టదు. కట్టపురం వాళ్ళూ అంతే. ఏరు కళ్ళెదుటే ఉన్నా ఏటివైపు చూసేవారు కాదు, గోడవైపు చూసేవారు.

గోడ మీద రాసే మనిషి ఒక్కతే. పేరు నాంచారి. ఏభై దాటిన మనిషి, మాట తక్కువ. ఒక చేత ఎర్రటి జాజు కలిపిన గిన్నె, పక్కన తడిగుడ్డ. పాతది తుడిచేది, కొత్తది రాసేది. ఆమె తప్ప మరొకరు గోడను ముట్టకూడదని పాత రాజుల నాటి కట్టడి.

కబుర్లు తేవడానికి పన్నెండుమంది బంట్లు ఉండేవారు. కొండల్లోకి, ఆనకట్ట మీదికి, రేవులకు ఒకటే పరుగు. తెచ్చిన కబురును తాటాకు మీద గీకి, చుట్ట చుట్టి, గోడ పక్కన ఏటవాలుగా కట్టిన వెదురు గొట్టంలో పైనుంచి జారవిడిచేవారు. మళ్ళీ పరుగు. నాంచారి కింది నుంచి ఒక్కొక్క ఆకే తీసుకునేది. ముందు పడినది ముందు. ఒక కబురు పూర్తిగా రాశాకే రెండోదాని మీద చెయ్యి వేసేది.

ఆకు రానప్పుడు ఏం చేసేదీ అంటారా? ఏమీ చేసేది కాదు. గొట్టం కింద చెయ్యి పట్టి కూర్చునేది.

నాంచారికి ఉన్నది ఒక్కగానొక్క చెల్లెలు, పైడమ్మ. ఏటికట్ట కింద పల్లపువాడలో తుంగచాపలు అల్లుకుని బతికేది. ఏరు పొంగితే మొట్టమొదట మునిగేది పల్లపువాడే. కాబట్టి నాంచారి రాసే ప్రతి అక్షరమూ ముందు చెల్లెలి కోసం, ఆ తర్వాతే రాజు కోసం. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు గానీ నాకు తెలుసు.

అలా ఉండగా సూరపరాజని ఒక కొత్త మంత్రి వచ్చాడు. చెడ్డవాడు కాదు. ఖాళీగా కూర్చున్న మనిషిని చూస్తే ఒళ్ళు మండే రకం, అంతే. ఇలాంటివాళ్ళు చెడ్డవాళ్ళ కంటే ఎక్కువ చేటు చేస్తారు.

"ఏం నాంచారీ, ఊరికే కూర్చున్నావేం?" అని అడిగాడు.

"ఆకు కోసం కనిపెట్టుకుని ఉన్నానండి."

"అదీ ఒక పనేనా?"

"అదే నా పనండి. నా చెయ్యి ఖాళీగా ఉంటేనే కదా, వచ్చిన కబురు వెంటనే గోడెక్కేది."

మంత్రి నవ్వాడు. పదేళ్ళ వానల పట్టీలు తెప్పించి ఆమె ముందు పడేశాడు. ఏ వాగు ఏ ఏడు ఎన్ని జానలు పెరిగిందో కూడి, ఈ ఏడు ఏరు ఎంత పొంగుతుందో తేల్చమన్నాడు. "తేలేదాకా తలెత్తకు" అని చెప్పి మరీ వెళ్ళాడు.

నాంచారి తల దించింది. పొద్దున కూర్చున్న మనిషి మధ్యాహ్నం దాటినా లేవలేదు. గొట్టంలో ఆకు మీద ఆకు పడి పైదాకా నిండిపోయింది. గోడ మీద మాత్రం పొద్దుటి మాటే ఉంది. "ఆనకట్ట దగ్గర నీరు మూడు మూరలు." జనం వచ్చి చూశారు. కాసేపాగి మళ్ళీ చూశారు. తెర బిగుసుకుపోతే మీరు మౌస్‌ను టకటకా నొక్కుతారే, అలాగే గోడను గుద్దారు, అరిచారు. గోడ ఏం పలుకుతుంది?

మూడు మూరలే కదా అని ఇసకతిన్నె మీద గేదెలను మేతకు వదిలినవాళ్ళు నిబ్బరంగా ఉండిపోయారు. అప్పటికి నీరు ఏడు మూరలు. పొద్దు వాలకముందే పదకొండు గేదెలు కొట్టుకుపోయాయి. వాటి అరుపులు పల్లపువాడ దాకా వినిపించాయట.

మంత్రి తన తప్పు ఒప్పుకుంటాడా? "అంతా ఒక్క మనిషి చేతిలో పెడితే ఇలాగే ఉంటుంది. ఇకనుంచి ఎవరు తెచ్చిన కబురు వాళ్ళే గోడ మీద రాసుకోండి" అని బంట్లకు ఉత్తరువు ఇచ్చాడు.

"వద్దు దొరా" అంది నాంచారి. "నాకిచ్చిన లెక్క ఒక బంటుకు ఇవ్వండి. అతను ఏ మూలనో కూర్చుని చేసుకుని, తేలిన అంకెను ఆకు మీద గీకి గొట్టంలో వేస్తాడు. గోడ మాత్రం ఒక్క చేతిలోనే ఉండనివ్వండి."

"నీ పెత్తనం పోతుందని బాధా?"

ఆ మాటకు నాంచారి మొహం చిన్నబోయింది. నిజంగా అదేనేమోనని ఒక్క క్షణం ఆమెకే అనుమానం వచ్చింది. తిరిగి పట్టీల దగ్గరికి వెళ్ళి కూర్చుంది. ఆ రోజు ఇంకో నాలుగు మాటలు అని ఉండవలసింది.

వారం తిరక్కుండానే రెండో కష్టం వచ్చింది.

గవరయ్య, సింగన్న అని ఇద్దరు బంట్లు ఒకేసారి గోడ దగ్గరికి వచ్చారు. ఇద్దరూ బుద్ధిమంతులే. గవరయ్య తడిగుడ్డ అందుకున్నాడు. సింగన్న జాజుగిన్నె అందుకున్నాడు. పాతది తుడవాలి, కొత్తది రాయాలి. ఎవరి పని అవ్వాలన్నా రెండూ కావాలి.

"గిన్నె ఇలా ఇవ్వు" అన్నాడు గవరయ్య.

"ముందు నువ్వు గుడ్డ ఇవ్వు" అన్నాడు సింగన్న.

"నాది ఆనకట్ట కబురు. గుడ్డ వదలను."

"నాది రేవు కబురు. గిన్నె వదలను."

ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఇద్దరూ నిలబడిపోయారు. వాళ్ళ వెనక మిగతా పదిమందీ బారు తీరారు. గోల విని నాంచారి పరుగెత్తుకు వచ్చి బతిమాలింది. "తమ్ముళ్ళూ, ఎవరో ఒకరు చేతిలోది కింద పెట్టండర్రా. రెండోవాడి పని అయ్యాక మీ పని అవుతుంది." ఇద్దరూ వినలేదు. వదిలినవాడు ఓడినట్టేనని ఇద్దరికీ పట్టుదల.

సింగన్న ఆకులో ఏముందో తెలుసా? రేవులో పడవకు అడుగున చిల్లి పడిందని ఉంది. ఆ మాట గోడెక్కలేదు. పడవ బయలుదేరింది. ఎక్కినవాళ్ళు నలుగురూ ఈదుకుంటూ ఒడ్డు చేరారు. పడవ నడిపే ముసలాయన చేరలేదు.

ఈసారి మంత్రికి ఇంకా గొప్ప ఉపాయం తోచింది. ప్రతి బంటుకూ ఒక గుడ్డ, ఒక గిన్నె ఇప్పించాడు. ఇక పేచీ ఏముంటుంది? నిజమే, పేచీ లేదు. పన్నెండు చేతులు ఒకే గోడ మీద ఇష్టం వచ్చినట్టు ఆడాయి. అడ్డుపడేవాడే లేకపోవడంతో జరుగుతున్నదేమిటో ఎవరికీ కనబడలేదు.

శ్రావణమాసంలో ఒక పట్టపగలు కొండల మీద ఆకాశం చిల్లుపడినట్టు వాన మొదలైంది. ఏరు కట్టను తాకింది. పల్లపువాడ జనం మూటలు నెత్తిన పెట్టుకుని, చంటిపిల్లలను చంకనేసుకుని గోడ కింద గుమిగూడారు. కొండకు రెండు దార్లు, ఉత్తరపు దారి, దక్షిణపు దారి. ఏ దారిన పోతే బతుకుతారో గోడే చెప్పాలి.

దార్ల గడిలో రెండు వరసలు ఉండేవి. పై వరసలో దారి పేరు, కింది వరసలో దాని సంగతి. సింగన్న ఉత్తరం నుంచి వచ్చి, పై వరసలో "ఉత్తరపు దారి" అని రాసి, జాజు కోసం గిన్నె మీదికి వంగాడు. అదే క్షణంలో గవరయ్య దక్షిణం నుంచి వచ్చాడు. కళ్ళల్లోకి వాననీళ్ళు. పై వరసలో ఉన్నది పాత మాటే అనుకుని, దాన్ని తుడిచి "దక్షిణపు దారి" అని రాసి, తనూ గిన్నె మీదికి వంగాడు. సింగన్న లేచాడు. పైకి చూడలేదు. కింది వరసలో "తెరిచి ఉంది" అని రాసి పరుగున వెళ్ళిపోయాడు. గవరయ్య లేచేసరికి వెనకవాళ్ళ తోపులాటలో పక్కకు పడ్డాడు.

గోడ మీద ఏముంది? "దక్షిణపు దారి తెరిచి ఉంది."

ఉత్తరపు దారి తెరిచి ఉన్నమాట నిజం. దక్షిణపు దారి మునిగినమాట నిజం. రెండు నిజాలు కలిసి ఒక అబద్ధమయ్యాయి. చెప్పినవాడు ఒక్కడూ లేడు, అయినా అబద్ధం గోడెక్కి కూర్చుంది.

"దారుందట, దారుందట!" అన్న కేకలు విని, నాంచారి పట్టీలు వదిలేసి బయటికి వచ్చింది. గోడ చదివింది. చెల్లెలు గట్టెక్కుతుందని ముందు గుండె కుదుటపడింది. అంతలో ఆమె కన్ను గవరయ్య మీద పడింది. అతను మొలదాకా బురదలో తడిసి ఉన్నాడు.

"గవరయ్యా, నువ్వు దక్షిణం నుంచే కదరా వచ్చావు? దారి తెరిచి ఉంటే ఇలా ఎందుకు తడిశావు?"

"మునిగిందనే రాయబోయానక్కా. ఇంతలో…" అంటూ గవరయ్య గోడవైపు చూశాడు.

అప్పటికే ముందు గుంపు దక్షిణానికి, కేక అందనంత దూరం, కదిలిపోయింది.

నాంచారి ఆ గడి తుడిచింది. తుడిచినచోట ఇంకొకడు ఇంకేదో రాశాడు. మళ్ళీ తుడిచింది, మళ్ళీ ఎవరో రాశారు. ఇక లాభం లేదనుకుని, గోడ మొదట్లో ఉన్న సున్నపు కుండ ఎత్తి, ఉన్నదంతా గోడ మీద గుమ్మరించి, గుడ్డతో ఈ చివరి నుంచి ఆ చివరికి పులిమేసింది. గోడంతా తెల్లబడింది. రాజుగారి గోడను ఇలా మొత్తంగా చెరిపినవాళ్ళకు చెయ్యి నరకడమే శిక్ష. ఆ సంగతి ఆమెకు తెలుసు.

బంట్లు నిర్ఘాంతపోయి ఆగిపోయారు.

"గొట్టంలో వేయండి!" అని అరిచింది నాంచారి. ఆ గొంతులో అరుపు ఉంటుందని అంతవరకు ఎవరూ అనుకోలేదు. "ఎవరూ గోడను ముట్టకండి. మీ ఆకులు వరసగా గొట్టంలో వేయండి!"

ఆకులు జారాయి. ఒక్కొక్కటే తీసింది. తడి సున్నం మీదే రాసింది. దక్షిణపు దారి మునిగింది. ఉత్తరపు దారి తెరిచి ఉంది. మిగిలిన జనం ఉత్తరానికి మళ్ళారు. మూడువందల ప్రాణాలు కొండెక్కాయి.

అప్పుడు పల్లపువాడ మనిషి ఒకామె ఏడుస్తూ దగ్గరికి వచ్చింది. "నాంచారమ్మా, మీ పైడమ్మ ముందు గుంపులోనే పోయిందమ్మా. గోడ మీద చేతులు మారాయని దానికి తెలియదు. వద్దు, ఆగు అంటే వినలేదు. మా అక్క రాసింది, ఇంకా అనుమానమేంటి, పదండి అని పదిమందిని వెంటబెట్టుకుని మరీ పోయింది."

నాంచారి కాళ్ళు దక్షిణంవైపు రెండడుగులు వేశాయి. వెనక గొట్టంలో ఆకు పడిన చప్పుడైంది. తను వెళ్ళిపోతే గోడ ఆగిపోతుంది. గోడ ఆగితే ఏమవుతుందో ఆమె చూసింది. అక్కడే నిలబడి గవరయ్యను పిలిచింది.

"తమ్ముడూ, నువ్వు వెళ్ళు. చూసి వచ్చి ఆకు వెయ్యి."

"కనబడగానే దూరం నుంచే కేకేస్తానక్కా."

"వద్దు. వరసలోనే రానీ. నీ ఆకు కంటే ముందు ఇంకొకరి చెల్లెలి ఆకు ఉంటుంది."

గవరయ్య పరుగెత్తాడు. ఇంతలో కోనభూపాలుడు స్వయంగా వచ్చాడు, మంత్రి వెంట ఉన్నాడు.

"మా గోడను చెరిపిన చెయ్యి ఎవరిది?"

"నాదే మహారాజా." ఆమె వెనక్కి తిరగలేదు. రాస్తూనే ఉంది.

"శిక్ష తెలుసా?"

"తెలుసండి. ఏరు తగ్గాక నరికించండి. ఇప్పుడు పనుంది."

రాజు వానలో నిలబడి చూశాడు. ఆకు రావడం, గుడ్డ కదలడం, జాజు పడడం, మళ్ళీ ఆకు. జనం చదువుకుని కదలడం. చాలాసేపు చూశాడు. శిక్ష మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ తర్వాత బంట్ల చేతుల్లోని గుడ్డలు, గిన్నెలు తనే ఒక్కొక్కటి లాక్కుని ఏట్లోకి విసిరేశాడు. వానల పట్టీలు ఎత్తి మంత్రి చేతిలో పెట్టాడు. "ఇవి ఎక్కడో దూరంగా కూర్చుని నువ్వు కూడు. తేలాక నువ్వూ గొట్టంలోనే వెయ్యి" అన్నాడు.

సూరపరాజుకు ఇంకేమీ శిక్ష పడలేదా అని అడుగుతారు మీరు. పడింది. పదవి పోయింది, పరువు పోయింది. దాంతో పోయిన ప్రాణం ఒక్కటీ తిరిగి రాలేదు. అందుకే ఆ కథ నేను చెప్పను.

పొద్దు వాలే వేళకు గవరయ్య వచ్చాడు. ఎవరి కళ్ళలోకీ చూడకుండా ఆకు గొట్టంలో వేసి, పక్కకు వెళ్ళి నిలబడ్డాడు. దాని ముందు మూడు ఆకులున్నాయి. నాంచారి మూడూ రాసింది. నాలుగోది విప్పింది.

దక్షిణపు దారిలో పద్నాలుగుమంది దొరికారు. ఎవరికీ ఊపిరి లేదు. పేర్లు వరసగా ఉన్నాయి. తొమ్మిదో పేరు పైడమ్మ.

"తల్లీ, నువ్వు వెళ్ళు" అన్నాడు రాజు మెల్లగా. "ఈ పేర్లు ఇంకొకరితో రాయిస్తాను."

నాంచారి తల అడ్డంగా ఊపింది. "సగంలో చెయ్యి మార్చకండి మహారాజా. కింద పోయినవాళ్ళ చుట్టాలు చూస్తున్నారు. ఒక్క పేరు తారుమారైనా బతికినవాళ్ళ కోసం ఏడుస్తారు, పోయినవాళ్ళ కోసం ఎదురుచూస్తారు."

పద్నాలుగు పేర్లూ రాసింది. చెల్లెలి పేరును ముందుకు తేలేదు, వెనక్కి నెట్టలేదు. తొమ్మిదో చోటనే, మిగతా వాటంత అక్షరాలతోనే రాసింది. కిందనుంచి ఏడుపులు లేచాయి. ఆమె మాత్రం తడిసిన కొంగుతో మొహం తుడుచుకుని, గొట్టం కింద చెయ్యి పట్టి కూర్చుంది. ఇంకా ఆకులు వస్తున్నాయి.

పిల్లలూ, పదిమంది నమ్మి చూసేదాన్ని రాసే చెయ్యి ఒక్కటే ఉండాలి, ఆ చేతి మీద వేరే బరువు పెట్టకూడదు, బరువు మోసి వచ్చేవాళ్ళు ఎందరైనా వరసలోనే రావాలి.