వెనక బెంచీ వెలుతురు

పరాంకుశం మాస్టారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, చెప్పులు తొడుక్కుంటారు. లెక్కల మాస్టారుగా రిటైరయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. ఒక శనివారం మధ్యాహ్నం, ఒంటిపూట బడి అయ్యాక, ఆయన పూర్వ శిష్యుడు, ఇప్పుడు అదే హైస్కూల్లో లెక్కలు చెబుతున్న జోగారావు సందేహం పట్టుకొచ్చాడు.

"సోమవారం మీటింగుకి మా అభిప్రాయాలు రాసుకు రమ్మన్నారండి. పదో తరగతిని రెండుగా విడగొడతారట. చదివేవాళ్లకి పాఠాలు, మిగతావాళ్లకి గట్టెక్కేటన్ని ప్రశ్నలు బట్టీ. నేను అందరికీ ఒకే పాఠం ఒకే గొంతుతో చెబుతున్నాను. అందనివాళ్లకి అందదు. విడగొట్టడమే మంచిది కదండీ?"

మాస్టారు చెప్పులు తొడుక్కున్నారు. "పద, మీ క్లాసు చూసొద్దాం."

ఆ క్లాసు నల్లబల్ల గురించి కొంచెం చెప్పాలి. పూర్వం బల్లకి బొగ్గుపొడీ దొండాకు పసరూ కలిపి పిల్లలచేతే రుద్దించేవారు. చేతుల నలుపు వదలక ఇంట్లో తిట్లు పడేవి, అదో సరదా. ఇప్పుడు ఎవరో పూర్వ విద్యార్థి ధర్మమా అని నిగనిగలాడే పెయింటు పడింది. దాంట్లో చూసుకుని తల దువ్వుకోవచ్చు. ఆ క్లాసులో కూర్చోవడానికీ ఒక పద్ధతుంది, మార్కుల వరస. ఎక్కువ వచ్చినవాళ్లు ముందు, ఆఖరివాళ్లు కిటికీకి ఎదుటి గోడవార, చిట్టచివరి బెంచీలో. పట్టుదల పెరుగుతుందని జోగారావు పెట్టిన పద్ధతే అది.

మాస్టారు అతణ్ణి ఆ చివరి బెంచీలో కూర్చోబెట్టి, బల్ల మీద లెక్క రాశారు. "చదువు."

జోగారావు తలెత్తాడు. బల్ల లేదు. బల్ల ఉండాల్సిన చోట తెల్లటి మంట, దాని ముందు మాస్టారి నీడ. అటు వంగాడు, ఇటు వంగాడు.

"ఎండ పడుతోందండి."

"నీ పీరియడు రోజూ ఈ వేళకే కదుటోయ్?"

బయట ఖోఖో ఆడుతున్న ఎస్తేరుని మాస్టారు కిటికీలోంచి పిలిచారు. బట్టీ సెక్షనుకి మొదట పంపాలని జోగారావు అనుకున్న పిల్ల. వచ్చి తన చోట, సార్ పక్కనే బెరుగ్గా కూర్చుంది. మాస్టారు ఇంకో లెక్క రాసి చదవమన్నారు.

"పదహారు... కాదండి, పది." తడబడింది. "మీ చెయ్యి నాకు అలవాటు లేదండి."

"చెయ్యేమిటమ్మా?"

"బల్ల మెరుస్తుంది కదండీ. మా సార్ మోచెయ్యి చూసి రాసుకుంటాను. తిన్నగా దిగితే ఒకటి, చుట్టు తిరిగితే ఆరో సున్నానో. మా సార్‌వి చాలామటుకు కరెక్టుగానే వస్తాయండి."

జోగారావు ఆ పిల్ల వైపు తిరిగాడు. "ఇన్నాళ్లూ నాతో చెప్పలేదేమే?"

"చెప్పానండి. మార్కులు తెచ్చుకుని ముందుకి రా, శుభ్రంగా కనబడుతుంది అన్నారండి."

అన్నాడు. క్లాసంతా నవ్వింది. తనూ నవ్వాడు. ఇప్పుడది గుర్తొచ్చి, ఆ పిల్ల మొహం చూడలేక బల్ల వైపు తిరిగాడు. అక్కడా ఏమీ కనబడలేదు.

ఎస్తేరు ఆటకి వెళ్లిపోయింది. జోగారావు లేవబోయాడు.

"కూర్చో," అన్నారు మాస్టారు, చేతుల సుద్ద దులుపుకుంటూ. "ఆ అభిప్రాయమేదో అక్కడే కూర్చుని రాయి. వెలుతురు పుష్కలంగా ఉంది."