చివరి చరణం లేని మాత

ఫ్రాన్సు దేశపు దక్షిణాన, ద్రాక్షతోటలు ఆగిపోయి రాళ్లు మొదలయ్యే చోట, కొండమీద కూలిన కోట బురుజును ఆనుకుని ఒక చిన్న ప్రార్థనాలయం ఉంది. లోపలి మాత కొయ్యవిగ్రహం పెదవులు బిగించి ఉంటుంది. ఇక్కడ పాడే పాటకు చివరి చరణం లేదు.

పూర్వం ఇక్కడ ఒటోన్ అనే దొర ఏలేవాడు. ఆ సీమలో అప్పట్లో పాటకు రెండు దారులు. విన్నంతనే తెలిసేది తేటపాట. అక్రోటుకాయలా పగలగొట్టుకుంటే తప్ప అర్థం దక్కనిది మూతపాట. సభలో పెద్దపీట మూతపాటకే. కట్టినవారి పేరు చివరి చరణంలో వచ్చేది.

మూతపాటల్లో ఒటోన్‌ను మించినవాడు లేడని ప్రతీతి. నిజానికి ఆయనకు వచ్చిన విద్య వేటకుక్కలను పేరుపెట్టి పిలవడం ఒక్కటే. పాటలన్నీ కట్టింది భార్య సౌరిన. ఆమె అందం మీద పరాయి మగవాళ్లు పాట కడితే కోటకు గౌరవం, ఆమే కడితే అప్రతిష్ఠ. ఒక్క పాటకైనా తన పేరుండాలని పన్నెండేళ్లు ఎదురుచూసి, ద్రాక్షకోత పండుగనాడు నిండుసభలో లేచి, ఆ పాటలు తనవని చెప్పింది.

దొర కోప్పడలేదు. "అలాగా దొరసానీ! అయితే వాకిట్లో బట్టలుతికేవాళ్లకు కూడా తెలిసేలా ఒకటి కట్టు, విందాం" అన్నాడు.

సౌరిన ఉచ్చు గమనించలేదు. పుట్టింటి వాకిలి దాటిన నాటి నుంచి తనను పేరుపెట్టి పిలిచినవారే లేరని పాడింది. వాకిట్లో ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. చివరి చరణం ఎత్తుకోబోతుండగా దొర చెయ్యెత్తాడు.

"విన్నారుగా, ఉతికేవాళ్లకూ అర్థమైంది. ఇంత తేలికపాట కట్టే మనిషి నా పాటలు కట్టిందట."

సభ పగలబడి నవ్వింది. ఆమె నోరు మూసుకుంది, మళ్లీ తెరవలేదు. మతి చెడిందని బురుజులో పెట్టి తాళం వేశారు. మూడో చలికాలంలో అక్కడే పోయింది.

ఆ ఏడే, బట్టలుతికే బ్రూనా కలలోకి సౌరిన వచ్చి, పాట మరిచారా అని అడిగింది.

"చివరి ముక్క మాకు రాదు తల్లీ, నువ్వు పాడందే" అంది బ్రూనా.

"దాన్నలాగే వదిలేయండి. అక్కడ ఎవరి పేరు వాళ్లు చెప్పుకోండి."

ఉతుకుబండలు మోసుకొచ్చి ఈ ప్రార్థనాలయం గోడలు కట్టి, ఆమెను మాతగా నిలిపింది ఆ ఆడవాళ్లే.

మూతపాటలు నేటికీ దొర పేరిటే గ్రంథాల్లో ఉన్నాయి. పండితులు విప్పుతూనే ఉన్నారు. ఏటా ద్రాక్షకోత పండుగకు స్త్రీలు కొండెక్కి ఆమె తేటపాట పాడి, చివరి చరణం దగ్గర ఆగి, ఒక్కొక్కరే తమ పేరు పైకి చెబుతారు. మిగిలినవారు "విన్నాం" అంటారు. సంతానం, భర్త ఆయుష్షు ఈ మాత ఇవ్వదు. ఇక్కడి వరం ఆ ఒక్క మాటే.

అందరి పేర్లూ అయ్యాక ఒక వంతు మిగులుతుంది. అప్పుడు ఎవరూ పలకరు. కాసేపు బురుజు వైపు చూసి, కొండ దిగుతారు.